మామిడితోటలోకి వచ్చే దుప్పులకు గింజలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది నల్లమల తూర్పు అంచున, దోర్నాలకు దగ్గరలో ఉన్న ఒక పల్లె. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాక, రెండేళ్ళుగా నేనూ మావారూ ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, అడవిని ఆనుకుని ఉన్న మా మామిడితోటలోనే చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాము. పొద్దు వాలేసరికి దుప్పులు వస్తాయి. వాటి కోసం దోసెడు బియ్యం, జొన్నలు, అరటి తొక్కలు వరండాకు ఎదురుగా పోస్తున్నాను. ఇప్పుడు పదిహేను అడుగుల దగ్గరికి వస్తున్నాయి. రాత్రిళ్ళు చెట్ల మీద పిల్లిలాంటిదేదో తిరుగుతోంది, ఏదుపంది ముళ్ళు దొరుకుతున్నాయి, పోయిన ఏప్రిల్‌లో ఎలుగుబంటి కూడా ఒకసారి వచ్చి వెళ్ళింది. వేసవి సెలవులకు మనవలు వస్తున్నారు. మా అబ్బాయి ఫ్లడ్‌లైట్లు పెట్టిద్దామంటున్నాడు. పక్క పొలం వారు కంచెకు కరెంటు పెట్టుకోమంటున్నారు. వాటికి కీడు కలగకుండా, పిల్లలకు ప్రమాదం రాకుండా వాటిని చూడడం ఎలా? ఇంకొక చిన్న సందేహం. నిరుడు రోజూ వచ్చిన ఒంటికొమ్ము దుప్పి ఒకటి ఈ ఏడాది కనబడడం లేదు. దాన్ని మేము రాయుడు అని పిలుచుకునేవాళ్ళం. దానికేమైనా అయిందేమోనని బెంగగా ఉంది.

సమాధానం: అమ్మా, ముందుగా గింజల సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన మిగిలిన వాటిలో చాలా వాటికి జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ సాయంత్రం నుంచే గింజలు పోయడం ఆపండి. మీరు ప్రేమతో పెడుతున్నారని తెలిసే ఈ మాట అంటున్నాను. దుప్పి కూడా ఆవులాగా, మేకలాగా నెమరువేసే జంతువు. దాని నెమరుపొట్టలోని సూక్ష్మజీవులు గడ్డినీ ఆకునూ కాయనూ మెల్లగా అరిగించడానికి అలవాటు పడి ఉంటాయి. బియ్యం, జొన్నల వంటి పిండి గింజలు ఎక్కువగా ఒక్కసారి పొట్టలో పడితే అవి వేగంగా పులిసి, ఆమ్లం పెరిగి, జంతువు మేత ముట్టకుండా పడిపోతుంది. పెళ్ళివారింట మిగిలిన అన్నం గోతిలో పారబోస్తే, కట్టు తెంపుకుని వచ్చిన ఆవు దాన్ని కడుపునిండా తిని తెల్లవారేసరికి కాళ్ళు చాపి పడి ఉండడం పల్లె ఎరిగిన వారికి కొత్త కాదు. ఆవుకైతే పశువుల డాక్టరును పిలుస్తాము. దుప్పి వెళ్ళి ఏ పొద చాటునో పడుకుంటుంది, అది మీ కంటికి కూడా కనబడదు. దోసెడు గింజలే కదా అని మీరు అనవచ్చు. ఆ దోసెడూ గుంపులో బలమైన ఒక పోతు మిగతా వాటిని కొమ్ములతో నెట్టేసి ఒక్కటే తింటుంది, మీరే గమనించి ఉంటారు.

అంతకన్నా పెద్ద కీడు మరొకటి ఉంది. అది మనిషంటే భయం పోవడం. పదిహేను అడుగుల దాకా వస్తున్నాయని మీరు సంతోషంగా రాశారు. ఆ సంతోషం నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ అనుభవించాను. చాలా ఏళ్ళ క్రితం నల్లమలకు అవతలి వైపు, మన్ననూరు దగ్గర ఒక తోట ఇంట్లో కొంతకాలం ఉన్నాను. ఒక ఎండాకాలం అడవిలో పచ్చి గడ్డి పరక లేదని జాలిపడి, ఇంటి వెనుక వేరుశనగ చెక్క నానబెట్టి పెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం దుప్పులు వచ్చాయి. రెండో వారం వాటితోపాటు అడవి పందులు వచ్చాయి, పందులు నా చెక్కతో ఆగకుండా చుట్టుపక్కల చేలు తవ్వాయి, చేను పోగొట్టుకున్న ఎవరో నా తోటకు వచ్చే దారిలోనే బైకు క్లచ్ తీగతో ఉచ్చు బిగించారు. ఆ ఉచ్చులో పంది పడలేదు. రోజూ నా పెరట్లో చెక్క తిని వెళ్ళే ఆడ దుప్పి పడింది. ముందు కాలి గిట్టకు పైన తీగ ఎముక దాకా దిగి ఉంది. అటవీ సిబ్బంది వచ్చి తీగ కోసేసరికి అది లేచి నిలబడలేకపోయింది. ఉచ్చు వేసినవారి తప్పు ఉచ్చు వేసినవారిదే, అయినా దాన్ని రోజూ ఒకే వేళకు, ఒకే దారిన నడిపించి ఆ తీగ దగ్గరికి తెచ్చినది నా చెక్కే. అప్పటి నుంచి ఏ అడవి జంతువుకూ చేతితో తిండి పెట్టలేదు, పెట్టమని ఎవరికీ చెప్పలేదు.

ఇంకొక మెట్టు కూడా ఉంది. దుప్పులు, పందులు, కుక్కలు ఒక చోట చేరితే వాటి వెనుక చిరుతపులి వస్తుంది. అది దాని బతుకు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకున్న ఘోరం మనందరికీ గుర్తుంది. ఆ తరువాత దేవస్థానం వారు మధ్యాహ్నం 2 గంటలు దాటితే 15 ఏళ్ళలోపు పిల్లలను ఆ దారిన పంపకూడదని, దారిలో జంతువులకు ఏమీ తినిపించకూడదని కట్టడి చేశారు. నడకదారిలో వర్తించిన ఆ రెండో నియమం అడవి అంచున ఉన్న మీ వరండాకూ అంతే వర్తిస్తుంది.

గింజలు ఆపితే అవి రావడం మానేస్తాయేమోనని దిగులు పడకండి. మీది మామిడితోట, పక్కన అడవి. రాలిన పూత, పిందె, లేత చిగురు, చెట్ల కింద గరిక ఉన్నంత కాలం దుప్పులు వస్తూనే ఉంటాయి. కాకపోతే పదిహేను అడుగుల దూరంలో కాక, యాభై అరవై గజాల దూరంలో నిలబడతాయి. అంత దూరం నుంచి చూడడమే సరైన చూపు అని నేను నమ్ముతాను. మనం అక్కడ లేకపోతే అది ఎలా మేసి, ఎలా నిలబడి, ఎలా వెళ్ళిపోయేదో, మనం ఉన్నప్పుడూ అలాగే చేసి వెళ్ళాలి. మనల్ని చూసి తల ఎత్తిందంటే మనం కొంచెం చెడగొట్టినట్టు, పరుగెత్తిందంటే పూర్తిగా చెడగొట్టినట్టు. దూరాన్ని దగ్గర చేయడానికి మంచి బైనాక్యులర్లు ఒకటి కొనుక్కోండి. 8×42 అని రాసి ఉండేది తీసుకుంటే మసక వెలుతురులో కూడా బాగా కనబడుతుంది, చేతిలో వణకదు. ఫ్లడ్‌లైట్లకు పెట్టే డబ్బు దీనికి పెట్టమని మీ అబ్బాయికి చెప్పండి.

ఫ్లడ్‌లైట్లు వద్దనడానికి కారణం ఉంది. జింక జాతి జంతువుల కంటికి ఎరుపు సరిగా ఆనదు, నీలం మాత్రం బాగా ఆనుతుంది. ఇప్పటి తెల్లని ఎల్‌ఈడీ దీపాల్లో నీలి వెలుగు ఎక్కువ. మనకు అది పండు వెన్నెలలా తోచినా, చీకటికి విచ్చుకున్న దాని కంటికి అది ముఖాన కొట్టిన దెబ్బ వంటిది. కొన్ని క్షణాల పాటు దానికి ఏమీ కనబడదు, ఆ క్షణాల్లోనే తల్లి ఒక వైపు, పిల్ల ఒక వైపు అయిపోతాయి. వరండాలో పసుపు రంగు చిన్న బల్బు ఒకటి, వెలుగు నేల మీదికే పడేలా మూత పెట్టి ఉంచుకోండి, పాములూ తేళ్ళూ కనబడడానికి అది చాలు. చూడడానికి టార్చి అవసరమైతే దాని ముఖానికి ఎర్రని గాజు కాగితం రెండు పొరలుగా చుట్టి, జంతువు కళ్ళలోకి కాకుండా పక్కన నేల మీదికి వేయండి, అంచున పడే వెలుగులోనే ఆకారం తెలుస్తుంది. తెల్ల బట్టలు, నీలం బట్టలు ఆ వేళకు వద్దు. మట్టి రంగు పాత చీర ఒకటి చూసే చీరగా పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం గాలి. కంటి నుంచి తప్పించుకున్నా ముక్కు నుంచి తప్పించుకోలేము. కూర్చునే ముందు ఒక అగరువత్తి దూరంగా వెలిగించి పొగ ఎటు పోతోందో చూసి ఆర్పేయండి. పొగ అడవి వైపు పోతూ ఉంటే ఆ సాయంత్రం వరండా వదిలి, ఇంటి అవతలి కిటికీ దగ్గర కూర్చోండి. కుర్చీ కిర్రుమనకూడదు, కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నవారు మంచం మంచిది. మీవారితో తగ్గు గొంతుతో మాట్లాడుకోవడం వల్ల పెద్దగా నష్టం లేదు. ఒకే తీరున సాగే మాటకు అవి అలవాటు పడతాయి. చటుక్కున ఆగిన మాటకు, చటుక్కున లేచిన మనిషికి బెదురుతాయి.

ఇక అవి ఏమంటున్నాయో చూడండి. దుప్పి చెవులు రెండూ వేరు వేరుగా తిరుగుతూ, తోక ఆడుతూ, తల నేలకు ఉంటే అది నిశ్చింతగా ఉన్నట్టు. తల ఎత్తి రెండు చెవులూ ఒకే వైపు నిలిపిందంటే ఏదో విన్నది. ఒక ముందు కాలు మడిచి ఎత్తి, ఆ గిట్టతో నేలను టక్కున కొట్టిందంటే అనుమానం బలపడింది. ఆ తరువాత తోక నిక్కబొడుచుకుని, చెవులు చిల్లులు పడేలా ఒక్క కూత పెడుతుంది. ఆ కూత మీ వైపు చూస్తూ పెట్టిందో, అడవి వైపు చూస్తూ పెట్టిందో గమనించడం మీకు చాలా అవసరం. అడవి వైపు చూస్తూ పదే పదే కూస్తే, అందులోనూ చెట్ల మీద కొండముచ్చులు కూడా దానికి తోడుగా ఖర్ఖర్రుమని దగ్గినట్టు అరుస్తూ ఉంటే, అక్కడ చిరుతో, మీ ప్రాంతంలో పెద్దపులో కదులుతోందని అనుకోవాలి. కొండముచ్చు కొమ్మ మీద నుంచి దూరం చూస్తుంది, దుప్పి కింద నుంచి వాసన పడుతుంది. పైనుంచి అవి తుంచి పడేసే ఆకులూ కాయలూ దుప్పులకు మేత కూడా అవుతాయి. ఆ జంట ఎక్కడ చేరినా ఎంతసేపు చూసినా విసుగు పుట్టదు. పైగా అది మీ ఇంటికి ఖర్చులేని కాపలా. ఆ అరుపు విన్న సాయంత్రం ఎవరూ గుమ్మం దిగకూడదు.

మీ నల్లమలలోనే ఉన్న నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ అనే పులుల రక్షణ పథకం కిందికి వచ్చింది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. మీ తోట ఆ అడవికి గుమ్మం లాంటిది కాబట్టి మీరు ఊహించిన దానికన్నా ఎక్కువ జంతువులే మీ ఇంటి చుట్టూ తిరుగుతూ ఉండవచ్చు. వాటిలో సగం మీ కంటికి ఎన్నడూ పడవు. వాటిని చూడడానికి నాకు తెలిసిన మంచి ఉపాయం మన్ను.

మనవలు వచ్చాక వారితో ఈ పని చేయించండి. కంచెలో జంతువులు దూరే సందు దగ్గర, రెండు గజాల పొడవు, గజం వెడల్పు మేర రాళ్ళు ఏరి, జల్లించిన మెత్తని మన్ను అంగుళంలో సగం మందాన పరచండి. పొద్దు గూకే ముందు ఒక పలక చెక్కతో దాన్ని నున్నగా దిద్దండి. మర్నాడు ఎండ ఎక్కకముందే, సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడే వెళ్ళి చూడండి, నీడల వల్ల అచ్చులు లోతుగా కనబడతాయి. దుప్పి గిట్ట రెండు చీలికలుగా, మొన తేలి, గుండె ఆకారంలో పడుతుంది. పందిదైతే మొద్దుగా ఉండి, మెత్తటి నేలలో వెనుక రెండు చిన్న గుంటలు కూడా పడతాయి. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు ఉంటాయి, చిరుత అడుగులో ఉండవు, ఎందుకంటే నడిచేటప్పుడు అది గోళ్ళను లోపలికి ముడుచుకుంటుంది. దాని అడుగు మీ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, నాలుగు వేళ్ళ వెనుక మెత్త మూడు భాగాలుగా కనబడుతుంది. పిల్లలను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఎలుగుబంటి వెనుక కాలి అడుగు. చూడగానే ఎవరో చెప్పులు లేకుండా నడిచి వెళ్ళారనిపిస్తుంది, తరువాత వేళ్ళ ముందు గోళ్ళు గుచ్చుకున్న చుక్కలు కనబడి ఒళ్ళు జలదరిస్తుంది. ముందు కాలి గోళ్ళు మరీ పొడవు, చెదపుట్టలు తవ్వడానికి అవే దాని గడ్డపారలు.

చెట్ల మీద తిరిగే పిల్లిలాంటిదని మీరు రాసినది చాలావరకు మానుపిల్లి అయి ఉంటుంది, పునుగు పిల్లికి చుట్టం. గట్టు మీదో, బండ మీదో, పాత గోడ మీదో అది వేసిన మలాన్ని పుల్లతో విప్పి చూడండి. అరగని ఈత గింజలు, రేగు గింజలు కడిగి ఆరబోసినట్టు ఉంటాయి. అడవిలో ఎన్నో చెట్లు ఆ విధంగానే చోటు మారుతాయి. ఒక పిడికెడు ఆ గింజలను పిల్లల చేత కుండీలో నాటించండి, ఏ చెట్టు మొలుస్తుందో వచ్చే సెలవులకు వచ్చి చూసుకుంటారు. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకూడదు.

కదలికకు తానే ఫోటో తీసే కెమెరా పెట్టుకోవాలని ఉంటే పెట్టుకోవచ్చు, కానీ మీ కంచె లోపల, మీ భూమిలోనే. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా పెట్టడం నేరం. వెలుగు ఏమాత్రం కనబడని 940 నానోమీటర్ల రకం కొనండి, 850 రకంలో ఎర్రని నిప్పుకణిక వంటి మెరుపు కనబడుతుంది. మోకాలి ఎత్తున కట్టి, సూర్యుడు ఎదురు పడకుండా ఉత్తరానికో దక్షిణానికో తిప్పండి. ఒకవేళ అందులో పెద్దపులి పడితే ఆ ఫోటో బీట్ ఆఫీసరుకు, అంటే మీ వైపు అడవిని చూసుకునే అటవీ ఉద్యోగికి మాత్రమే చూపించండి. వాట్సాప్‌లో పెట్టిన ఫోటో సాయంత్రానికి ఎవరి చేతికి చేరుతుందో మనకు తెలియదు, ఏ తోటలో ఏ జంతువు ఏ వేళకు వస్తుందో వేటగాడికి ఇంటికి తెచ్చి చెప్పినట్టవుతుంది. దుప్పి ఫోటోలకూ ఇదే మాట.

మీ ప్రాంతపు అడవిని చెంచులకన్నా బాగా చదవగలిగినవారు లేరు. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో చెంచులు ప్రొటెక్షన్ వాచర్లుగా, అంటే అడవి కాపలాదారులుగా పనిచేస్తున్నారు. బీట్ ఆఫీసరుతో మాట్లాడి, సెలవు రోజున ఒక పెద్దాయనను పిలిపించుకుని, తగిన రోజు కూలి ఇచ్చి, ఒక పూట మీ తోట అంతా ఆయన వెంట తిరగండి. నేను పదేళ్ళలో చూడలేని గుర్తులు ఒక చెంచు పెద్దాయన ఒక పూటలో చూపించాడు. వంగిన గడ్డి పరక ఎటు వంగిందో, చెట్టు బెరడు మీద గీత పాతదా కొత్తదా అన్నది ఆయన వేలితో తాకి చెప్పాడు. బడిలో ఇన్నేళ్ళు చెప్పిన మీరు, ఆయన చెప్పే తీరును నాకన్నా బాగా మెచ్చుకోగలరు.

ఇప్పుడు ఎలుగుబంటి. నల్లమల అంచున మనుషులకు చిరుత కన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది దీనితోనే అని నా అభిప్రాయం. ఎలుగుకు ముక్కు చురుకు, చూపూ వినికిడీ అంతంత మాత్రం. తల పుట్టలో పెట్టి చెదలు పీలుస్తూ ఉంటే మనిషి దగ్గరికి వచ్చే దాకా దానికి తెలియదు, తెలిసిన క్షణంలో ఉలిక్కిపడి మీద పడుతుంది. పిల్లలను వీపున మోసుకు తిరిగే తల్లి అయితే చెప్పనవసరం లేదు. అందుచేత దుప్పిని చూడడానికి చెప్పిన మౌనం ఎలుగు విషయంలో పూర్తిగా తిరగబడుతుంది. తెల్లవారుజామున, సందె వేళ, రాత్రి తోటలోకి దిగవలసి వస్తే గట్టిగా మాట్లాడుతూ, కర్రతో నేలను తడుతూ, ఇద్దరుగా వెళ్ళండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపూవు, ఆ తరువాత తునికి పండ్లు, మామిడి పండ్లు దాన్ని రప్పిస్తాయి. కాబట్టి ఇంటికి దగ్గరగా ఉన్న నాలుగైదు చెట్ల కాయలు పండకముందే కోసేయండి, కింద రాలినవి ఏ రోజుకారోజు ఏరించి దూరంగా గుంట తీసి పూడ్చండి. నూనె డబ్బా, బెల్లం, ఊరగాయ జాడీలు వరండాలో ఉంచవద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటల మధ్య తిరిగే ఎలుగులు దీపపు నూనె కోసం, కొబ్బరి చిప్పల కోసం గుళ్ళలోకి దూరిన సంగతులు మీరూ పత్రికల్లో చదివే ఉంటారు. ఎదురు పడితే పరుగెత్తకండి, దాని కన్నా వేగంగా మనం పరుగెత్తలేము. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి అడుగులు వేస్తూ దానికి దారి వదలండి.

పిల్లల విషయంలో నియమాలు తక్కువగా, కచ్చితంగా ఉండాలి. సాయంత్రం ఐదున్నర నుంచి ఉదయం ఏడు దాకా పెద్దవారు లేకుండా ఎవరూ గుమ్మం దాటకూడదు. చిరుతకు వంగి కూర్చున్న చిన్న ఆకారం వేట జంతువులా తోస్తుంది, అందుకే మరుగుదొడ్డి ఇంటి నుంచి విడిగా ఉంటే రాత్రి పిల్లలను ఒంటరిగా పంపవద్దు. ఇంకొకటి: పగలు ఆటలో ఎక్కడైనా గడ్డిలో ముడుచుకుని పడుకున్న దుప్పి పిల్ల కనబడితే, తప్పిపోయిందని జాలిపడి ఎత్తుకురాకూడదు. తల్లి దాన్ని దాచి మేతకు వెళ్ళింది, ఎక్కడో దగ్గరలోనే ఉండి మిమ్మల్ని చూస్తోంది. నాలుగు అడుగులు వెనక్కి వేసి వచ్చేయడమే దానికి చేయగల మేలు.

మీకు కుక్కలు ఉన్నాయో లేవో రాయలేదు, తోట ఇల్లు కాబట్టి ఉండే ఉంటాయి. రాత్రి ఆరుబయట గొలుసుతో కట్టేసిన కుక్క చిరుతకు పరిచిన విస్తరి. లోపల పడుకోబెట్టండి. రేబిస్‌కూ డిస్టెంపర్‌కూ టీకాలు వేయించండి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటికి సోకినది కుక్కల్లో వచ్చే ఈ డిస్టెంపరే. ఆవులూ గేదెలూ ఉంటే గాలికుంటు టీకా కూడా తప్పనిసరి, ఎందుకంటే ఆ జబ్బు ఒకే మేత మేసే దుప్పికీ, కణితి అనే పెద్ద జింకకూ పాకుతుంది.

నీళ్ళ గురించి మీరు అడగలేదు కానీ ఎండాకాలం ఆ ఆలోచన మీకు తప్పక వస్తుంది. అడవిలో అటవీ శాఖ వారు సాసర్ పిట్లు, అంటే సాసరులా లోతు తక్కువగా ఉండే నీటి తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతారు, దుప్పులకు అవి ఉన్నాయి. మీరు పెట్టాలనుకుంటే ఇంటి దగ్గర వద్దు, తోటకు అడవి వైపు చివర, అడుగు లోతుకు మించకుండా, ఒక వైపు వాలుగా ఉండే తొట్టి కట్టించి, వారానికోసారి నాచు రుద్ది కడిగించండి. దానికన్నా ముందు మీ తోటలో గట్టు లేని పాత బావి ఉంటే దాని చుట్టూ నాలుగు అడుగుల గోడ కట్టించండి. చీకట్లో బావిలో పడి, గోడలు గీరి గీరి గోళ్ళు ఊడిన ఎలుగును నేను ఒకసారి చూశాను. ఇంటి ముందు పిట్టలకు మట్టి మూకుడులో నీళ్ళు పెట్టుకోండి, దానికి ఏ అభ్యంతరమూ లేదు.

కంచెకు కరెంటు అన్న మాట మీ ఇంట్లో ఇంకెవరినీ అననివ్వకండి. ఇంటి లైను నుంచి తీగ లాగి కంచెకు తగిలించడం విద్యుత్ చట్టం ప్రకారం నేరం. దానికి తగిలి అడవి జంతువు చనిపోతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కూడా మీద పడుతుంది. చట్టం మాట అటుంచి, ఆ తీగకు పందుల కన్నా ముందు ఎవరు బలవుతున్నారో ప్రతి వానాకాలం జిల్లా పేజీల్లో చదువుతున్నాము. తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన పక్క రైతు, మేకలు తోలుకొచ్చిన కుర్రవాడు, ఒక్కోసారి తీగ పెట్టినవాడే. పక్క పొలం వారికి పందుల బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాత్రికి రాత్రి అర ఎకరం వేరుశనగ పోగొట్టుకున్నవాడి కడుపుమంట కడుపుమంటే. వారికి బ్యాటరీతో నడిచే సౌర కంచె గురించి చెప్పండి, అది క్షణకాలం పాటు ఆగి ఆగి విదిలిస్తుంది కానీ ప్రాణం తీయదు. చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమ వేస్తే దాని ముళ్ళకూ ఘాటుకూ పందులు జంకుతాయి. పంట నష్టపోతే పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చు, అర్జీ రాసిపెట్టడంలో మీరు సాయపడితే, మీ దుప్పుల మీద వారికి ఉన్న కోపం కూడా కొంత తగ్గుతుంది.

చివరగా మీ రాయుడి సంగతి. అడవిలో పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కలు ఉన్నాయి, కాబట్టి ఏమీ అయి ఉండదని మాట ఇవ్వలేను. కానీ మీరు వెతుకుతున్న గుర్తే దాని దగ్గర ఇప్పుడు లేదేమో. దుప్పి కొమ్ము ఆవు కొమ్ములాగా జీవితాంతం ఉండేది కాదు. ఏటా మొదటికంటా రాలిపోతుంది, దాని చోట నెత్తురు ప్రవహించే మెత్తని నూగు చర్మంతో కొత్త కొమ్ము మొలుస్తుంది, ఎదిగాక ఆ చర్మాన్ని చెట్లకు రుద్ది ఊడగొట్టుకుంటుంది. నిరుడు పోట్లాటలో విరిగిన కొమ్మే అయితే, రాయుడు ఈ ఏడాది రెండు కొమ్ములతో మీ ముందే మేసి వెళుతూ ఉండవచ్చు, మీరు వేరే దుప్పి అనుకుంటూ ఉండవచ్చు. మారనివి దాని ఒంటి మీది చుక్కలు. ఏ రెండు దుప్పులకూ చుక్కల వరుస ఒకటిగా ఉండదు. నిరుడు మీరు ఫోన్‌తో తీసిన ఫోటో ఏదైనా ఉంటే, పొట్టకు కాస్త పైన పొడవునా సాగే చుక్కల వరుసను, మెడ మొదట్లో చుక్కలు విడిపోయే తీరును ఒక కాగితం మీద గీసుకోండి. ఎడమ వైపు చుక్కలు, కుడి వైపు చుక్కలు వేరుగా ఉంటాయి కాబట్టి ఏ వైపు ఫోటోనో పక్కన రాసుకోండి. ఇప్పుడు వచ్చే పోతులను బైనాక్యులర్లతో ఒక్కొక్కటిగా ఆ కాగితంతో పోల్చి చూడండి. మనవలకు ఈ పని అప్పగిస్తే వారి కళ్ళు మనకన్నా ముందే పట్టేస్తాయి. తోటలో రాలిన కొమ్ము దొరికితే ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకోవద్దు, చట్టం ఒప్పదు, బీట్ ఆఫీసరుకు చెప్పి ఉన్నచోటే వదిలేయండి. సున్నపు సత్తువ కోసం మీ ఏదుపందే వచ్చి దాన్ని రాత్రిళ్ళు కొరుక్కు తింటుంది, కొమ్ము మీద జంట ఉలులతో గీసినట్టు దాని పళ్ళ గాట్లు పడతాయి. రాయుడు కనబడితే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.